రంగు కొత్తది, రాకెట్ పాతది

టెన్నిస్ ఆటగాడు జకోవిచ్ మ్యాచ్ ఏదైనా ఫోనులో పెట్టుకుని, సర్వీసు చేయబోయే ముందు బంతిని నేలకేసి కొడుతుంటాడు చూడండి, అక్కడ ఆపండి. ఆయన ఎలాగూ పదీ పదిహేనుసార్లు కొట్టనిదే సర్వీసు చేయడు కాబట్టి ఆపడానికి బోలెడు వ్యవధి ఉంటుంది. బొమ్మను పెద్దది చేసి రాకెట్ గట్లు లెక్కపెట్టండి. మగ్గం భాషలో అడగాలంటే, పడుగు ఎన్ని పోగులు, పేక ఎన్ని పోగులు? నిలువున 18 వస్తాయి, అడ్డంగా 19.

ఇప్పుడు క్రీడా వస్తువుల దుకాణానికి వెళ్లి, ఆయన పేరు చెప్పి హెడ్ కంపెనీ అమ్మే స్పీడ్ రాకెట్‌ను చేతిలోకి తీసుకోండి. మామూలుగా దొరికేవాటిలో ఒక రకానికి 18 నిలువు, 20 అడ్డం. ఇంకో రకానికి 16 నిలువు, 19 అడ్డం. రంగు అదే, రాత అదే, పిడి దగ్గర గుర్తు అదే. పోగుల లెక్క మాత్రం కుదరదు.

ఒక్క పోగు తేడాకి ఇంత రాద్ధాంతమా అనిపించవచ్చు. రాకెట్ ఎలా తయారవుతుందో తెలిస్తే అలా అనిపించదు. జిగురు పట్టించిన కార్బన్ నారపట్టీలను గొట్టంలా చుట్టి, అచ్చులో పెట్టి, లోపల గాలి నింపి, వేడిచేస్తారు. గట్టిపడిన ఫ్రేమును బయటికి తీశాక డ్రిల్లుతో కన్నాలు వేస్తారు. కన్నాల లెక్క వేరంటే ఆ ఫ్రేము దుకాణానికి వెళ్లే వరుసలోంచి తీసింది కాదని అర్థం. దుకాణంలో ఉన్న స్పీడ్ ముఖం 100 చదరపు అంగుళాలు. జకోవిచ్ చేతిలో ఉన్నది 95 అని, దాని అసలు పేరు పీటీ113బీ అని, ఈ సంగతులు ఆరా తీసేవాళ్లు ఏళ్ల కిందటే తేల్చేశారు. కొత్త సీజను వచ్చినప్పుడల్లా దాని ఒంటి మీద రంగు మారుతుంది. లోపలి మనిషి మారడు.

దీన్ని వాళ్ల భాషలో 'పెయింట్ జాబ్' అంటారు. అమ్మకానికి పెట్టకుండా ఆటగాళ్ల కోసమే చేసే ఫ్రేములు 'ప్రో స్టాక్'. కంపెనీకేమో ఈ ఏడాది రాకెట్ ఈ ఏడాది అమ్ముడుపోవాలి. ఆటగాడికేమో పదిహేనేళ్ల నాడు తనకు సరిపోయిన రాకెట్టే కావాలి. కంపెనీ డబ్బిస్తుంది, ఆటగాడు రంగు ఒప్పుకుంటాడు. ఆండీ ముర్రే ఏళ్ల తరబడి రాడికల్ అనే పేరున్న రాకెట్‌తో కనిపించాడు. ఆ రంగు కింద ఉన్నది పీటీ57ఏ. 1995లో థామస్ ముస్టర్ ఫ్రెంచ్ ఓపెన్ గెలిచిన ప్రో టూర్ 630 ఉంది కదా, దాని వంశంలోది. ముర్రే అప్పటికి ఎనిమిదేళ్ల పిల్లాడు. నడాల్ అయితే 2000ల నడుమ బాబోలా తెచ్చిన తొలి ఏరోప్రో డ్రైవ్‌ను చివరి మ్యాచ్ దాకా వదల్లేదు. బయట దాని పేరు ప్యూర్ ఏరో అయింది, రూపం మారింది, పసుపు రంగు ముదిరింది, వెలిసింది. ఆయన చేతిలోది మాత్రం అదే.

చివరికి బాబోలా ఈ గుట్టును తనే సరుకుగా మార్చి 'రఫా ఆరిజిన్' అని అమ్మకానికి పెట్టింది. గట్లు లేకుండా 317 గ్రాములు. మామూలు ప్యూర్ ఏరో 300. కొన్నవాళ్లలో చాలామంది రెండు సెట్లు ఆడి భుజం పట్టుకున్నారంటే నేను ఆశ్చర్యపోను. పదిహేడు గ్రాములే కదా అనుకుంటాం. అసలు కథంతా ఆ గ్రాములు ఎక్కడ కూర్చున్నాయన్న దాంట్లో ఉంది.

ఇది మోసమా అంటే, కొంచెం మోసమే. దుకాణంలో గోడ మీద ఆటగాడి బొమ్మ పెట్టి, కింద వేరే వస్తువు అమ్మడాన్ని ఇంకేమంటారు? నియమాల ప్రకారం ఆటగాడు చేసే తప్పేమీ లేదు. బరువును సర్దుకోవడానికి రాకెట్‌కు అదనంగా ఏదైనా అతికించుకోవడాన్ని అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య ఒప్పుకుంటుంది. పొడవు 29 అంగుళాలు మించకూడదు, గట్ల అల్లిక ముఖమంతా ఒకేలా ఉండాలి, ఇలాంటి హద్దులే దాని లెక్క. రంగు గురించి దానికి పట్టింపు లేదు. నాకు నచ్చని సంగతల్లా ఒకటే. పన్నెండేళ్ల పిల్ల కోసం 'ఇదేనా ఆయన ఆడేది' అని అడిగి మరీ కొనే నాన్నకు, కౌంటర్ వెనక నుంచి ఎవరూ నిజం చెప్పరు.

ఇక గ్రాముల సంగతి. సుత్తిని మామూలుగా పిడి పట్టుకుని ఊపండి. తర్వాత తిరగేసి, ఇనుప తల చేతిలోకి తీసుకుని పిడిని ఊపండి. సుత్తి అదే, కాటాలో పెడితే బరువూ అంతే. రెండోసారి అది తాటాకు విసనకర్రలా తిరుగుతుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో జడత్వ భ్రామకం అని చదువుకున్నది ఇదే. తిరిగే వస్తువు ఎంత మొండికేస్తుందన్నది బరువు ఒక్కదాన్ని బట్టి తేలదు. ఆ బరువు ఇరుసు నుంచి ఎంత దూరాన ఉందో ఆ దూరపు వర్గంతో గుణించాలి. రాకెట్‌కు ఆ ఇరుసును పిడి అడుగు నుంచి 10 సెంటీమీటర్ల దగ్గర, అంటే దాదాపు మన చెయ్యి పట్టుకునే చోట, ఉన్నట్టు అనుకుని లెక్కిస్తారు. అలా వచ్చిన అంకె పేరు స్వింగ్‌వెయిట్. ఊపు బరువు అనుకోండి.

ఒక చెంచాడు పంచదార బరువుండే సీసపు పట్టీ, 4 గ్రాములు, రాకెట్ తల కొసన అతికించామనుకుందాం. గడియారంలో పన్నెండు ఉండే చోటు. రాకెట్ పొడవు 68.6 సెంటీమీటర్లు, ఇరుసు 10 దగ్గర, దూరం 58 చిల్లర. 58ని 58తో గుణించి, మళ్లీ 4తో గుణిస్తే 13,456. కిలోల్లో చూస్తే 13 పైన. గట్లు వేసిన మామూలు రాకెట్ స్వింగ్‌వెయిట్ 320 అనుకుంటే, కాటా మీద ఒక శాతం చిల్లర పెరిగిన రాకెట్ చేతిలో నాలుగు శాతం పెరిగినట్టు అనిపిస్తుంది. అదే పట్టీని తీసి పిడి మీద, ఇరుసుకు 2 సెంటీమీటర్ల దూరాన చుట్టండి. రెండు రెళ్లు నాలుగు, నాలుగు నాలుగులు పదహారు. పదమూడు వేల చోట పదహారు. కాటా అదే బరువు చూపిస్తుంది, చేతికి మాత్రం ఏమీ జరగనట్టే ఉంటుంది.

ప్రొఫెషనల్ రాకెట్ అంతా ఈ గుణకారంలో ఉంది. దుకాణంలో కొన్నది గట్లు వేశాక స్వింగ్‌వెయిట్‌లో 300 నుంచి 325 దాకా తూగితే, పురుషుల టూర్‌లో 330 దిగువన ఆడేవాళ్లు అరుదు. 360 దాటించుకున్నవాళ్లూ ఉన్నారు. అందుకే ప్రో స్టాక్ ఫ్రేములు కర్మాగారం నుంచి కావాలనే తేలిగ్గా వస్తాయి. రంగు కూడా వేయని, పిడి కూడా తొడగని ఉత్త ఫ్రేమును 'హెయిర్‌పిన్' అంటారు. చూడటానికి అచ్చంగా పెద్ద తలపిన్నులానే ఉంటుంది. దానికి ఆటగాడి అరచేతి అచ్చుతో పిడి పోసి, పిడి డొల్లలో సిలికాన్ నింపి, తలకు సీసం అతికించి, ఆరో ఎనిమిదో రాకెట్లను ఒకదానికొకటి గ్రాము తేడా లేకుండా దిద్దే నిపుణులున్నారు. పీట్ సంప్రాస్ వెంట టోర్నమెంట్లు తిరిగిన నేట్ ఫెర్గూసన్ తర్వాత పెట్టిన ప్రయారిటీ వన్ అనే సంస్థ ఫెదరర్‌కూ జకోవిచ్‌కూ ఈ పనే చేసింది.

మనం కొనే రాకెట్ల సంగతి? ఒకే పేరు, ఒకే రంగు ఉన్న రెండింటి మధ్య అటూ ఇటూ ఏడేసి గ్రాములు తేడా ఉండొచ్చని కంపెనీలే అంటాయి. అంటే ఒకటి 293, ఒకటి 307. రెండూ 300 అన్న చీటీతోనే వస్తాయి. ఈసారి కొనేటప్పుడు దుకాణంలో ఉన్న మూడు నాలుగింటినీ వంటింటి డిజిటల్ కాటా మీద పెట్టమని అడగండి. వింతగా చూస్తారు, చూడనివ్వండి.

స్వింగ్‌వెయిట్ కొలవడానికి బాబోలావారి ఆర్‌డీసీ అనే యంత్రం ఉంది. రాకెట్‌ను బిగిస్తే ఊపి చూసి అంకె చెబుతుంది, ఫ్రేము ఎంత వంగుతుందో కూడా చెబుతుంది. అది లేనివాళ్లు లోలకం చేస్తారు. రాకెట్‌ను పిడి కిందికి ఉండేలా, తల అంచు దగ్గర ఒక పెన్సిలు మీద వేలాడదీసి మెల్లగా ఊపి వదలడం. ఒక ఊపు పోయి రావడానికి 1.4 సెకన్లు పడుతుంది. ఇరవై ఊపులకు ఎంత పట్టిందో చూసి, కాటా మీద బరువు, పెన్సిలు నుంచి గరిమనాభి దూరం తెలుసుకుంటే, సమాంతర అక్షాల సిద్ధాంతంతో అంకె వచ్చేస్తుంది. ఇంటర్‌లో మార్కుల కోసం బట్టీ పట్టి మరిచిపోయిన ఆ సిద్ధాంతానికి లోకంలో ఒక ఉపయోగం ఉందని నాకు రాకెట్ సేకర్తల వల్లే తెలిసింది. నాలుగు గ్రాముల పట్టీకి ఒక్కో ఊపులో వచ్చే తేడా సెకనులో నూరో వంతు కూడా ఉండదు. అందుకని వాళ్లు చేతి గడియారాన్ని నమ్మరు. వీడియో తీసి, ఫ్రేములు లెక్కపెడతారు.

ఈ పిచ్చికి మూలపురుషుడు సంప్రాస్ అనాలి. ఆయన రాకెట్ విల్సన్ ప్రో స్టాఫ్. ముఖం 85 చదరపు అంగుళాలు, అంటే ఇవాళ్టి రాకెట్ల పక్కన గరిటెలా కనిపిస్తుంది. నాలుగు పాళ్లు గ్రాఫైట్‌కు ఒక పాలు కెవ్లార్ కలిపి అల్లినది. 1980ల మధ్య నుంచి కొన్నేళ్లపాటు విల్సన్ దీన్ని కరీబియన్ దీవి సెయింట్ విన్సెంట్‌లో చేయించింది. తర్వాత తయారీ ఆసియాకు వచ్చింది. కాగితం మీద రెండూ ఒకటే. సంప్రాస్ ఒప్పుకోలేదు. సెయింట్ విన్సెంట్ ఫ్రేములే కావాలన్నాడు, దొరికినన్ని పోగేయించుకున్నాడు, వాటికి సీసం దట్టించి, సహజ గట్‌ను 75 పౌన్ల బిగుతుతో ఏ రోజుకా రోజు కొత్తగా వేయించుకుని 14 గ్రాండ్‌స్లామ్‌లు గెలిచాడు. ఆ దీవి పేరు ఇవాళ సేకర్తలకు బందరు లడ్డు, మంగళగిరి చీర లాంటి మాట. దీవి చేతిలో ఏ మహిమ ఉందో ఎవరూ నిరూపించలేదు. ఒక్కో కర్మాగారంలో నారపట్టీలు పేర్చే తీరు, బరువులు కాస్త మారి ఉండవచ్చు. సంప్రాస్ ఇరవై ఏళ్ల చేతికి ఆ కాస్తా తెలిసి ఉండవచ్చు.

అదే సంప్రాస్ ఫ్రెంచ్ ఓపెన్ ఒక్కసారీ గెలవలేదు. మట్టి మీద బంతి భుజం ఎత్తుకు లేస్తుంది, 85 అంగుళాల ముఖంతో దాన్ని తిప్పి కొట్టడం కష్టం. మట్టి మీద పెద్ద రాకెట్ ప్రయత్నించి ఉండాల్సిందని రిటైరయ్యాక ఆయనే అన్నాడు. ఫెదరర్‌కు ఆ తెలివి 31 ఏళ్లకు వచ్చింది. 2013 వింబుల్డన్‌లో రెండో రౌండ్‌లోనే ఓడాక, 90 అంగుళాల రాకెట్ పక్కనపెట్టి, పేరూ ఊరూ లేని నల్లరంగు 98 పట్టుకుని హాంబర్గ్, గ్‌స్టాడ్ వెళ్లాడు. రెండుచోట్లా తన కంటే ఎంతో కింది ర్యాంకువాళ్ల చేతిలో ఓడాడు. మళ్లీ 90కే వచ్చాడు. మరుసటేడు తీరిగ్గా, సాధన చేసుకుని 97కు మారాడు. ఆ 97 గట్లు లేకుండా 340 గ్రాములు. ఆయన ఆడేది, మీరు కొనేది ఒకటేనని ఆ రాకెట్ విషయంలో ధైర్యంగా చెప్పుకున్నారు. 2017 ఆస్ట్రేలియన్ ఓపెన్ దాంతోనే గెలిచాడు.

పాతదాన్నే పట్టుకు వేలాడితే చాలని మాత్రం అనుకోవద్దు. ఒకనాటి చాంపియన్ బోర్గ్ ఆ ముచ్చట తీర్చాడు. 1991లో, ఆట మానేసిన ఎన్నో ఏళ్లకు, మాంటెకార్లోలో చెక్క రాకెట్ పట్టుకుని దిగాడు. అవతల జోర్డి అరెసె చేతిలో గ్రాఫైట్. రెండు సెట్లలో అయిపోయింది.

అసలు చెక్క ఎందుకు ఓడిందో చెప్పాలంటే హోవర్డ్ హెడ్ దగ్గరకు వెళ్లాలి. అమెరికాలో లోహపు స్కీలు చేసి డబ్బు గడించిన ఇంజినీరు. స్కీ కంపెనీ అమ్మేసి టెన్నిస్ నేర్చుకుందామనుకున్నాడు. రాలేదు. బంతి నడిమధ్య తగలకపోతే రాకెట్ చేతిలో గిర్రున తిరిగిపోతోంది. మామూలు మనిషి అయితే కోచ్‌ను మార్చేవాడు. ఈయన రాకెట్‌ను మార్చాడు. ముఖం వెడల్పు పెంచితే అంచుల బరువు నడిమి గీత నుంచి దూరం జరుగుతుంది, మళ్లీ అదే వర్గం లెక్క. వెడల్పు ఐదో వంతు పెరిగితే మెలి తిరగడానికి వచ్చే అడ్డు నలభై శాతం పైన పెరుగుతుంది. చెక్కతో అంత వెడల్పు చేస్తే గట్ల లాగుడుకు చట్రం విరుగుతుంది. చెక్క రాకెట్లు 65, 70 అంగుళాల దగ్గర ఆగిపోవడానికి కారణం అదే. హెడ్ అల్యూమినియం వాడి 110 అంగుళాల ప్రిన్స్ రాకెట్‌ను 1976లో తెచ్చాడు. అందరూ నవ్వారు. 1978లో 16 ఏళ్ల పామ్ ష్రైవర్ దాంతో యూఎస్ ఓపెన్ ఫైనల్ దాకా వెళ్లింది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

పెద్ద ముఖంతో ఇంకో లాభం ఉంది. టెన్నిస్ బంతి శక్తిని మింగేసే సరుకు. రెండున్నర మీటర్ల ఎత్తు నుంచి గట్టి నేల మీద వదిలితే సగం ఎత్తుకు కాస్త పైగా లేస్తే చాలు, అది పరీక్ష నెగ్గినట్టే. అంటే నలిగిన ప్రతిసారీ దాదాపు సగం శక్తి వేడిగా పోతుంది. గట్లు అలా కాదు, సాగి తీసుకున్నదాంట్లో తొంభై శాతం పైన తిరిగిచ్చేస్తాయి. పొడవైన గట్లు ఎక్కువ సాగుతాయి, బంతి తక్కువ నలుగుతుంది, ఎక్కువ వేగంతో పోతుంది. వదులుగా గట్టింగ్ వేయిస్తే బంతి దూరం వెళ్లడం కూడా ఇందువల్లే. ఇదంతా బంతి గట్ల మీద ఉండే ఐదు మిల్లీసెకన్లలో జరిగిపోతుంది. పిడి నుంచి చేతికి అదురు తెలిసేసరికి బంతి వెళ్లిపోయి ఉంటుంది. కాబట్టి 'బంతి తగిలాక మణికట్టు తిప్పాలి' అని చెప్పే కోచ్‌లను మన్నించి వదిలేయండి.

గట్టింగ్ అంటే ఇంకో కథ. గట్‌ను క్యాట్‌గట్ అంటారు గానీ అందులో పిల్లి ఎప్పుడూ లేదు. ఫ్రాన్సులో లియోన్ నగరపు బాబోలా కుటుంబం 1875లో గొర్రె పేగులతో మొదలుపెట్టింది, తర్వాత ఆవు పేగులకు మారింది. 1970లలో వెర్నర్ ఫిషర్ అనే జర్మన్ తోటపని మనిషి పడుగు, పేక అన్న పద్ధతినే తీసేశాడు. అడ్డపోగులకు అటూ ఇటూ రెండు వరసల నిలువుపోగులు, అల్లిక లేదు, పైన ప్లాస్టిక్ గొట్టాలు. దాన్ని స్పగెటీ రాకెట్ అన్నారు. బంతి తగిలినప్పుడు నిలువుపోగులన్నీ పక్కకు జరిగి, ఒక్కసారిగా వెనక్కి వచ్చి బంతిని బొంగరంలా తిప్పేవి. 1977లో రుమేనియా ఆటగాడు నస్టాసే ప్యారిస్‌లో దాని చేతిలో ఓడి, ఇది ఆటేనా అని మండిపడ్డాడు. కొద్ది రోజులకే తనే ఒకటి సంపాదించి, ఎక్సాన్‌ప్రొవాన్స్ ఫైనల్లో గియెర్మో విలాస్ మీదకు దిగాడు. వరసగా 46 మ్యాచ్‌లు గెలిచి వచ్చిన విలాస్ రెండు సెట్లు పోగొట్టుకుని, ఇక ఆడనని వెళ్లిపోయాడు. అప్పటిదాకా టెన్నిస్ నియమావళిలో రాకెట్ అంటే ఏమిటో ఒక్క ముక్క లేదు. ఆ దెబ్బకు 1978లో రాశారు.

విచిత్రం ఏమిటంటే, తరిమేసిన ఆ సూత్రమే ఇరవై ఏళ్లకు దర్జాగా తిరిగొచ్చింది. 1997లో ర్యాంకు 66 ఉన్న బ్రెజిల్ కుర్రాడు కుయెర్టెన్ లక్సిలాన్ అనే పాలిస్టర్ గట్‌తో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాడు. పాలిస్టర్ నున్నగా, బిరుసుగా ఉంటుంది. మామూలు అల్లికలోనే నిలువుపోగులు జారి, చటుక్కున వెనక్కి వస్తాయి. ఇవాళ టూర్‌లో దాదాపు అందరి రాకెట్‌లోనూ నిలువునో అడ్డమో పాలిస్టర్ ఉంది. నడాల్ బంతి అంతలా గిరగిరా తిరిగింది చేతి సత్తా వల్ల ఎంతో, ఆ జారుడు వల్ల అంత.

సేకర్తల బల్ల దగ్గరకు వద్దాం. వీళ్లు రెండు జాతులు. ఒకరు పురాతన వస్తువుల వాళ్లు. 1870లు, 80ల నాటి తల వంకర రాకెట్లు, చేపతోక పిడులు, రెనె లాకోస్ట్ ఊహించగా విల్సన్ 1967లో తెచ్చిన ఉక్కు టీ2000. ఆ ఉక్కు రాకెట్‌కు గట్టింగ్ వేయడం అంటే కొట్టువాళ్లకు ఒంట్లో వణుకు. కన్నాలకు బదులు చుట్టూ తీగ చుట్టలుంటాయి. జిమ్మీ కానర్స్ తయారీ ఆగిపోయాక కూడా పాతవి వెతికించుకుని దాంతోనే ఆడాడు. రెండో జాతికి పురాతనం అక్కర్లేదు. నిన్న సాయంత్రం ఎవరో ఆడిన రాకెట్ కావాలి.

అలాంటి ఫ్రేము చేతికొచ్చినప్పుడు మొదట రంగు చూడరు. లోపలి వైపు, మెడ దగ్గర కోడ్ కోసం చూస్తారు. గట్ల కన్నాలు లెక్కపెడతారు. తల చుట్టూ ఉండే ప్లాస్టిక్ పట్టీ దుకాణపుదా, పాత అచ్చుదా అని చూస్తారు. పిడి అడుగు మూత ఊడదీసి లోపల టార్చి వేస్తారు. సిలికాన్ తెల్లగా కనిపిస్తే ముఖం వెలుగుతుంది. తోలు పట్టీ విప్పి దాని కింద సీసం ఉందా, ఉంటే ఎన్ని పొరలు అని గోటితో తడుముతారు. తర్వాత కాటా, తర్వాత లోలకం. చివరిది గీతల పరీక్ష. మట్టికోర్టు మీద బంతి కోసం వంగినప్పుడు రాకెట్ తల నేలకు రాసుకుంటుంది, పెచ్చు లేస్తుంది. ఆ పెచ్చు ఆకారం వేలిముద్ర లాంటిది, ఇంకో రాకెట్‌కు అచ్చంగా అలాగే రాదు. మ్యాచ్ నాటి ఫోటో పెద్దది చేసి, ఆ పెచ్చు, ఈ పెచ్చు ఒకటేనా అని పోల్చి ముద్ర వేసే సంస్థలున్నాయి. ఆ ముద్ర పడితే ధర ఒకటి, పడకపోతే ఇంకొకటి.

ధరలంటే మాటలు కాదు. 1973లో బాబీ రిగ్స్‌ను ఓడించిన బిల్లీ జీన్ కింగ్ చెక్క రాకెట్, 2022 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్లో నడాల్ వాడిన రాకెట్, రెండూ వేలంలో లక్ష డాలర్లు దాటాయి. విరిగిందీ పనికొస్తుంది. 2018 యూఎస్ ఓపెన్ ఫైనల్లో సెరెనా విలియమ్స్ కోపంతో నేలకేసి కొట్టిన రాకెట్‌ను ఆ రోజు ఒక బాల్ బాయ్‌కి ఇచ్చేసింది. ఆ అబ్బాయి దాన్ని ఒక వ్యాపారికి 500 డాలర్లకు అమ్మాడు. 2021 వేలంలో అది 20,910 డాలర్లు పలికింది. ఆ అబ్బాయి కాలేజీ ఖర్చులు గుర్తొచ్చి నాకు కాసేపు మనసు మనసులో లేదు. నడాల్ మాత్రం జీవితంలో కోపంతో ఒక్క రాకెట్ విరగ్గొట్టలేదు. విరిగిన నడాల్ రాకెట్ అని ఎవరైనా అమ్మజూపితే అక్కడే లేచి వచ్చేయండి.

మన దగ్గర ఈ రెండో జాతి అక్కడొకరు ఇక్కడొకరు. 2005లో సానియా మీర్జా హైదరాబాద్ ఓపెన్ గెలిచాక మన ఊళ్లలో భుజాన కిట్ బ్యాగులు వేలాడేసుకుని కోచింగులకు పరుగులెత్తిన పిల్లలు ఇప్పుడు సంపాదనపరులయ్యారు, వాళ్లలో కొందరికి ఈ పురుగు కుట్టింది. మొదటి జాతి సరుకు మాత్రం మన అటకల మీదే ఉంది, ఉన్నట్టు మనకే తెలియదు. పాత తాలూకా ఆఫీసర్ల క్లబ్బుల్లో ఆడిన తాతలు, వాళ్ల చెక్క 'బ్యాట్లు'. అవును, మనం టెన్నిస్ రాకెట్‌నూ బ్యాటనే అంటాం. అవి చాలావరకు జలంధర్, మీరట్‌లలో, అంతకు ముందైతే సియాల్‌కోట్‌లో చేసినవి. సియాల్‌కోట్ క్రీడా పరిశ్రమ పుట్టుక గురించి చెప్పుకునే కథ కూడా రాకెట్‌తోనే మొదలవుతుంది. ఒక దొర రాకెట్ విరిగితే, కొత్తది ఇంగ్లండ్ నుంచి వచ్చేలోగా ఆడుకుందామని ఊళ్లో ఒక పనివాడికిచ్చాడట. బాగుచేసింది ఎంత బాగుందంటే కొత్తవి అతని చేతే చేయించుకున్నాడట.

మా పెదనాన్న బ్యాట్ ఒకటి నాకు అలాగే అటక మీద దొరికింది. నాలుగు మూలలా రెక్కల మరలున్న చెక్క ప్రెస్‌లో బిగించి ఉంది. చిన్నప్పుడు దాన్ని ఎలుకల బోను అనుకునేవాణ్ణి. సన్నని చెక్క పొరలను ఆవిరితో వంచి అతికించిన చట్రం అది, వానాకాలం తేమ పీల్చుకుంటే గట్ల లాగుడుకు గవ్వలా మెలితిరుగుతుంది. ఆ మెలి రాకుండా బిగించి ఉంచడానికే ప్రెస్. కాటా మీద పెడితే 392 గ్రాములు చూపించింది. పెదనాన్న మనిషి మొత్తం యాభై కిలోలు ఉండేవాడు కాదు.

మీ ఇంట్లో అలాంటిది ఉంటే ఎండలో పెట్టకండి, కారు డిక్కీలో వేయకండి, మెరుస్తుందని వార్నిష్ కొట్టకండి. కొత్త గట్టింగ్ వేయించి ఆడదామనిపిస్తే 50 పౌన్లు మించొద్దని కొట్టువాడికి ముందే చెప్పండి. ప్రెస్ ఉంటే దాంట్లోనే ఉంచి, మరలు నాలుగూ ఒకే బిగుతులో ఉన్నాయో లేదో ఏడాదికోసారి చూడండి. పిడి మీది తోలు పట్టీ ఎంత మాసినా మార్చొద్దు. దాని మీద అరిగిన చోట వేళ్లు పెడితే, ఆ మనిషి బ్యాట్ ఎలా పట్టుకునేవాడో తెలిసిపోతుంది.